ఉత్తరభాగమునకు ప్రాణము: ఒక జాంబీ చిత్రమాలికపై రసపరిశీలనము

ఉత్తరభాగ రచన మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును రచించిరి. సంస్కృతమున భవభూతి ఉత్తరరామచరితము సుప్రసిద్ధము. పట్టాభిషేకముతో ముగిసిన కథను మరల చేపట్టిన కవికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న యొక్కటే: పూర్వకథ విన్నవారికి ఇంక చెప్పవలసినది ఏమున్నది? పూర్వకథలో రక్తి కట్టిన ఘట్టములనే పేరు మార్చి తిరిగి చెప్పుట ఒక మార్గము. పూర్వకథ చెప్పక విడిచిన దానిని పట్టుకొని, దాని కొఱకు కథను క్రొత్తగా నడపుట రెండవ మార్గము. భవభూతి త్రొక్కినది రెండవ మార్గము. రావణవధ చేసిన రాముని విజయము గాక, సీతను విడిచిన రాముని దుఃఖమే అతని నాటకమునకు ఆయువుపట్టైనది.

ఈ ప్రశ్ననే మన పరిశోధకులు అంతగా చూపు సారింపని చోట పరీక్షింపవలెనని మేము తలచితిమి. అమెరికాలో 1985లో 'ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అను భయానక హాస్య చిత్రము వెలువడినది. 1988లో దాని రెండవ భాగము వచ్చి ఆ చిత్రమాలికను నీరసింపజేసినది. 1993లో బ్రయన్ యూజ్నా దర్శకత్వమున వచ్చిన మూడవ భాగము ఆ నీరసించిన మాలికకు మరల ప్రాణము పోసినది. ఆ ప్రాణము ఎక్కడినుండి వచ్చినది, ఎంతవఱకు నిలిచినది అనునది మా పరిశీలనాంశము.

ఇట్టి వస్తువు విశ్వవిద్యాలయ పత్రికకు తగునా యని కొందఱు శంకింపవచ్చును. భరతుడు తన యెనిమిది రసములలో భయానక బీభత్సములకు రెండు పీఠములు వేసినాడు. మాలతీమాధవము పంచమాంకమున ప్రియురాలిని పొందగోరిన నాయకుడు రాత్రివేళ శ్మశానమునకు బోయి పిశాచములకు నరమాంసము విక్రయింప బూనుకొనును. ఆ యంకమును తరగతిలో పాఠము చెప్పుటకు సంకోచింపని మనము ఇచ్చట సంకోచింప బనిలేదు. పైగా 2021లో ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి'తో ఈ శవజాతి రాయలసీమకును విచ్చేసినది. ఇక దీనిని పరాయిదని త్రోసివేయుట కుదరదు.

జాంబీ అను మాట కరీబియను సముద్రమందలి హైతీ ప్రజల విశ్వాసములనుండి పుట్టినది. మంత్రగానికి వశమై, తెలివి లేక, చెప్పిన పని చేయు శవమని దాని యర్థము. 1932 నాటి 'వైట్ జాంబీ' చిత్రమున ఈ యర్థమే కలదు. 1968లో జార్జి రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీయగా ఆ భావము మారినది. అతని శవములకు యజమాని లేడు, మంత్రము లేదు. అవి లేచి బ్రదికినవారి మాంసము తినును, అంతే. ఆ చిత్రమున జాంబీ అను పదమే వాడబడలేదనుట ఒక విచిత్రము. లోకమే తరువాత ఆ పేరు తగిలించినది. రొమేరో శవములకు వాక్కు లేదు. కావున వానిని మన భేతాళునితో పోల్చుట సరికాదు. భేతాళుడు శవమునందు వసించునే కాని, కథ చెప్పును, ప్రశ్న వేయును, మౌనము వీడిన రాజును ఓడించి చెట్టెక్కును. రొమేరో శవమునకు ఆకలి తప్ప మఱేమియు లేదు.

ఆ 1968 చిత్రమును రొమేరోతో కలిసి వ్రాసినవాడు జాన్ రస్సో. తరువాత ఇరువురును విడిపోగా 'లివింగ్ డెడ్' అను పేరును వాడుకొను హక్కు రస్సోకు దక్కినది. రొమేరో 1978లో 'డాన్ ఆఫ్ ది డెడ్', 1985లో 'డే ఆఫ్ ది డెడ్' తీసి తన దారిని పోయెను. రస్సో వైపు శాఖనుండి పుట్టినదే మన ప్రస్తుత మాలిక. దాని మొదటి చిత్రమునకు రచన, దర్శకత్వము డాన్ ఒబానన్‌వి. 1979 నాటి 'ఏలియన్' చిత్రమునకు కథనము వ్రాసినవాడు ఇతడే. రొమేరో శాఖతో పోటీ పడి ఓడుటకంటె వేఱు త్రోవ పట్టుట మేలని ఇతడు గ్రహించెను.

కెంటకీ రాష్ట్రమున లూయివిల్ నగరమందలి యొక వైద్యసామగ్రి గిడ్డంగిలో, సైన్యము పొరపాటున పంపిన పీపాలు కొన్ని పడియుండును. వానిలో ట్రయాక్సిన్ అను విషవాయువును, ఒక శవమును బంధింపబడి యున్నవి. పాత యుద్యోగి ఫ్రాంక్ క్రొత్తగా చేరిన ఫ్రెడ్డీకి గొప్ప చూపబోయి పీపాను తట్టగా అది పగులును. గిడ్డంగిలోని శవము లేచును. దానిని ముక్కలు చేసి ప్రక్కనున్న శవసంస్కారశాల కొలిమిలో దహింపగా, ఆ పొగ వానతో కలిసి ఎదుటి శ్మశానముపై కురిసి గోరీలన్నియు లేచును. ఆపద తొలగింప జేసిన ప్రతి పనియు ఆపదను పదింతలు చేయుట ఈ కథకు చక్రము వంటిది. తుదకు సైన్యము నగరముపైననే అణ్వాయుధము ప్రయోగించును. ప్రేక్షకులు నవ్వుదురు, నవ్వుచు భయపడుదురు. జాంబీలు మెదడు తినునను ప్రసిద్ధి లోకమున వ్యాపించుటకు మూలము ఈ చిత్రమే. రొమేరో శవములకు అట్టి నియమము లేదు.

ఆ నవ్వుల నడుమ మూడు చిన్న ఘట్టములు కలవు. నడుమునకు దిగువ శరీరము లేని యొక స్త్రీశవమును బల్లకు కట్టివేసి, మీరు మెదడు నేల తినెదరని శవసంస్కారశాల యజమాని ప్రశ్నించును. చచ్చియుండుట నొప్పి యనియు, తన దేహము క్రుళ్ళుట తనకు తెలియుచున్నదనియు, మెదడు తిన్నప్పుడు ఆ నొప్పి కొంత శమించుననియు ఆ శవము చెప్పును. జాంబీ చిత్రములలో శవమునకు ఆకలితోబాటు ఆకలికి కారణము కూడ లభించిన దిచ్చటనే యని మా యభిప్రాయము. ఈ శవమునకు వాక్కు వచ్చినది; ఈ యొక్క విషయమున అది భేతాళునికి దగ్గఱి చుట్టము. రెండవ ఘట్టమున విషవాయువు సోకి శవముగా మారిన ఫ్రెడ్డీ తన ప్రియురాలు టీనాను వెంబడించుచు, ప్రేమయున్నచో మెదడు తిననిమ్మని వేడుకొనును. మూడవది ఫ్రాంక్ మరణము. తాను మారిపోవుచున్నానని తెలిసికొని, వేలి పెండ్లియుంగరము తీసి తగిలించి, అతడు కొలిమిలోనికి తానే ప్రవేశించును. ఇవి మూడును కలిసి కొన్ని నిమిషములు మాత్రమే. చిత్రము వానిని దాటి పరుగెత్తును. రూపక లక్షణకారులు బీజమను దానిని గూర్చి, అల్పముగా నిక్షేపింపబడి బహువిధములుగా విస్తరించునదని చెప్పిరి. ఇచ్చట బీజము నిక్షేపింపబడినది. విస్తరణము ఈ చిత్రమున జరుగలేదు.

రెండవ భాగమును కెన్ వీడర్‌హార్న్ వ్రాసి తీసెను. దీనిని గూర్చి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. సైనిక వాహనమునుండి పీపా జారిపడును, పిల్లలు దానిని తెఱతురు, శ్మశానము లేచును, ఒక యూరు చిక్కుపడును. మొదటి చిత్రమున ఫ్రాంక్, ఫ్రెడ్డీలుగా నటించిన జేమ్స్ కారెన్, థామ్ మాథ్యూస్‌లే ఇందు వేఱు పేర్లతో గోరీల దొంగలై వచ్చి, తొంటివలెనే విషవాయువు పీల్చి, తొంటివలెనే క్రమముగా శవములగుదురు. ఇదంతయు పూర్వమొకసారి జరిగినట్లు తోచుచున్నదని వారిలో ఒకనిచేత పలికించిరి. రచయిత తన లోపమును తానే హాస్యముగా మార్చుకొన జూచెను గాని, పునరుక్తి యని ముందుగా చెప్పినంత మాత్రమున పునరుక్తిదోషము పోదు.

అయినను ఈ చిత్రమున ఒక ఘట్టము మా వాదమునకు మిక్కిలి యుపకరించుచున్నది. శవమైన జోయీ యను వానికి అతని ప్రియురాలు బ్రెండా దేవాలయమున తన మెదడు నర్పించుకొనును. ఫ్రెడ్డీ టీనాల ఘట్టమునకు ఇది ప్రతిబింబము. దీనిని వీడర్‌హార్న్ కేవలము వికటముగా నడిపెను. శృంగారమునకు అనుకృతి హాస్యమని భరతుడు చెప్పిన దానికి ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు. బీజము ఇచ్చటను ఉన్నది. దర్శకుడు దానిని నమ్మలేదు. ఆత్మార్పణమును నమ్మక చూపినచో నవ్వు వచ్చును, నమ్మి చూపినచో ఏమగునో చూపుటకు మఱియొకడు రావలసివచ్చెను.

బ్రయన్ యూజ్నా అంతకుముందు 1985లో స్టూవర్ట్ గోర్డన్ తీసిన 'రీ ఏనిమేటర్'కు నిర్మాత. 1989లో 'సొసైటీ', 1990లో 'బ్రైడ్ ఆఫ్ రీ ఏనిమేటర్' అను చిత్రములకు దర్శకుడు. చివర చెప్పిన దానిలో, యువకుడు చనిపోయిన ప్రియురాలి గుండెకొక దేహమును కూర్చును. చచ్చినదానిని వదలలేని మనస్సు ఇతనికి పూర్వపరిచితమైన వస్తువు. మూడవ భాగమునకు కథనము వ్రాసినవాడు జాన్ పెన్నీ. వీరిరువురును చేసిన మొదటి పని హాస్యమును పూర్తిగా విడిచిపెట్టుట. మాలికకు పేరు తెచ్చిన గుణమునే త్యజించుటకు సాహసము కావలెను.

కథ సంగ్రహముగా నిది. కర్ట్ సైనికాధికారి కుమారుడు. జూలీ అతని ప్రియురాలు. కర్ట్ తండ్రి కర్నల్ రెనాల్డ్స్ ట్రయాక్సిన్‌తో శవములను లేపి, వానిని యుద్ధసాధనములుగా మలచు ప్రయోగమునకు అధిపతి. కర్ట్, జూలీ దొంగిలించిన తాళపుకార్డుతో లోనికి బోయి ఆ ప్రయోగమును రహస్యముగా చూతురు. ప్రయోగము వికటించును, కర్నలును వేఱొక చోటికి బదిలీ చేయుదురు. తండ్రి వెంట ఊరూర తిరిగి విసిగిన కర్ట్ ఇక రానని చెప్పి, జూలీని మోటారుసైకిలుపై ఎక్కించుకొని పోవుచుండగా ప్రమాదము జరిగి ఆమె మరణించును. అతడు శవమును ఆ ప్రయోగశాలకే కొనిపోయి, పీపా తెఱచి, ఆమెను లేపును. అక్కడినుండి ఒక్క రాత్రి కథ.

మన పాఠకులకు ఇచ్చట ఆదిపర్వమందలి రురుడు తప్పక స్ఫురించును. పాముకాటున మృతి జెందిన ప్రమద్వరకు రురుడు తన యాయువులో సగమిచ్చి బ్రదికించుకొనెను. నన్నయ తెలుగున చెప్పిన కథలలో ఇది యొకటి. రురుడు తన సొంతమైన దానిని పంచి యిచ్చెను. కర్ట్ తండ్రి సొమ్ము దొంగిలించి యిచ్చెను. రురునిది దానము, కర్ట్‌ది తనకు లేనిదే గడవదను పంతము. ఈ భేదము వెంటనే కనబడునది. మేము చూపదలచిన భేదము వేఱు. లేచిన ప్రమద్వర ఏమనుకొన్నదో పురాణము అడుగలేదు. నిద్రనుండి లేచినట్లు లేచినది, వివాహము జరిగినది. రురుని ప్రేమయే కథ. యూజ్నా చిత్రము కర్ట్ ప్రేమతో మొదలై, ఆమె లేచిన క్షణమునుండి కర్ట్‌ను ప్రక్కకు నెట్టి, లేచినామె ఏమి యనుభవించినదని అడుగును. చలి, ఆకలి, అంగడిలోని తినుబండారములెన్ని తిన్నను తీరని ఆకలి, ప్రక్కనున్న మనుష్యులను చూచినప్పుడు ఆ యాకలి ఎటు త్రిప్పుచున్నదో తెలియుట. మొదటి చిత్రమున బల్లకు కట్టబడిన స్త్రీశవము చెప్పిన మాటయే ఇచ్చట నాయిక యైనది. పూర్వము ఆలంబనముగా, అనగా భయము కలిగించు వస్తువుగా నుండిన శవము ఇందు భావమున కాశ్రయ మైనది. ఈ స్థానపరివర్తనమే మాలికకు ప్రాణము పోసిన దని మేము చెప్పుచున్నాము. నెత్తురు ఎక్కువగుట కాదు; నెత్తురు రెండవ భాగమునను కొఱత లేదు.

ఇక రసవిరోధమును గూర్చి. శృంగార బీభత్సములు పరస్పర విరుద్ధములని ఆలంకారికులు చెప్పుదురు. ఒకే ఆలంబనమునందు రతియు, జుగుప్సయు నిలువవు. అట్లయినచో మెదడు తిన్న నోటిని చుంబింపబోవు నాయకుని చూచి ప్రేక్షకుడు నవ్వవలెను, లేదా ఓకరింపవలెను. వీడర్‌హార్న్ నవ్వునే ఎన్నుకొనెను. విరోధపరిహారమునకు శాస్త్రమున చెప్పిన యుపాయములు కలవు. వానిలో ముఖ్యమైనది, విరుద్ధరసములు రెండును మూడవ యొకదానికి అంగములగుట. ఆనందవర్ధనుడును, మమ్మటుడును దీని సందర్భమున స్త్రీపర్వమునుండి భూరిశ్రవుని భార్యల విలాపమును చూపిరి. యుద్ధభూమిలో తెగిపడిన భర్త చేతిని తీసికొని, అది తమతో విలాసమున ఏమేమి చేసినదో వారు తలచుకొందురు. చేయి తెగినది, జుగుప్సాకరము, తలపు శృంగారము. రెండును తమంతట తాము నిలువక కరుణమునకు దాస్యము చేయుచున్నవి. కావుననే ఆ శ్లోకము వికటము కాలేదు.

మూడవ భాగమున ఈ సూత్రము అంతటను పనిచేయుచున్నది. తన యాకలి తెలిసిన జూలీ వంతెనపైనుండి నదిలో దుమికి చావజూచును. చచ్చినదానికి చావు రాదు. వంతెనపై వేలాడుచు ఆమె ఏడ్చునప్పుడు ప్రేక్షకునకు ఆమె మెదడు తినునను స్మృతియు, ఆమె ప్రియురాలను స్మృతియు ఏకకాలమున నుండును. ఏదియు ప్రధానము కాదు. ఆమె దుఃఖమే ప్రధానము. రసనామములను ఘట్టములకు చీటీలవలె అంటించి, ఇది భయానకము, ఇది బీభత్సము అని జాబితా వ్రాయుట నేడు మన పరిశోధనగ్రంథములలో విరివిగా కనబడుచున్నది. చీటీ అంటించిన తరువాతనే కదా పని మొదలగుట. ఏ రసము దేనికి లొంగినది, లొంగనిచో ఏమి చెడినది యని చూచినప్పుడే శాస్త్రము చిత్రమును గూర్చి మనకొక మాట చెప్పును.

జూలీ తన దేహమును తానే గ్రుచ్చుకొనుట ఈ చిత్రమునకు పతాక వంటిది. ఒక నొప్పి మఱియొక నొప్పిని మఱపించుననియు, తన్ను తాను బాధించుకొన్నంతసేపు ఆకలి తగ్గుననియు ఆమె కనుగొనును. మొదట చిన్న గాయము. తరువాత మేకులు, గాజుపెంకులు, తీగెలు, స్ప్రింగులు. ఒక దృశ్యమున ఆమె ఒంటరిగా కూర్చుండి, అలంకరించుకొను కన్నెవలె, ఒక్కొక్కదానిని దేహమున దింపుకొనుచుండును. దిగినపిదప లేచి నిలిచిన రూపము భయంకరమై, వింతగా అందమైనది. జూలీ పాత్రధారిణి మెలిండా క్లార్క్ ఈ దృశ్యమున అఱపులు తగ్గించి, చేతి పనిపై శ్రద్ధ చూపినది. ఆ శ్రద్ధయే మనలను కలతపెట్టును. మొదటి చిత్రమున శవము పరుల మెదడుతో నొప్పి తీర్చుకొనెను. ఇచ్చట శవము పరులను కాపాడుటకై తన నొప్పిని పెంచుకొనుచున్నది. బీజము మొలకెత్తుట మాత్రమే కాదు, తలక్రిందుగా తిరిగినది కూడ.

ఆనాటి అమెరికా యువతలో దేహమున లోహపు నగలు గ్రుచ్చుకొను వాడుక ప్రబలియుండెను గనుక, ఇది కాలపు మోజును పట్టి సొమ్ము చేసికొనుటయే యని కొందఱందురు. ఉండవచ్చును. నిర్మాతలు చిత్రప్రచారమునకు ఆ రూపమునే వాడిరి. కాని మోజును కథలోని యవసరముగా మార్చుట వేఱు, అంటించుట వేఱు. మొదటి చిత్రమందలి పంక్ వేషముల యువకులు వేషములుగానే మిగిలిరి. జూలీ వేషము ఆమె యాకలి వ్రాసిన లిపి.

లోపములును కలవు, అవి చిన్నవి కావు. ఈ ప్రేమికులను వెంబడించు రౌడీ ముఠా బొత్తిగా అట్టబొమ్మల గుంపు. వారు లేనిచో జూలీ ఆకలికి ఆహుతులు దొరకరు గనుక కథకుడు వారిని పిలిచెను. ఆహుతులుగా పుట్టినవారు మనుష్యులు కాలేరు. మురుగునీటి సొరంగమున వసించు రివర్‌మాన్ అను నిరుపేద వీరికంటె ఎంతయో మెఱుగు. ప్రేమికుల కాశ్రయమిచ్చి, జూలీ దుఃఖమును గ్రహించిన వాడతడు. బాసిల్ వాలెస్ అతనిని గంభీరముగా నటించెను. అట్టివానిని కడపట శవముగా మార్చి, సైన్యము బిగించిన ఇనుపచట్రములో నడిపింపగా, అంతవఱకు కరుణమునకు లొంగియున్న బీభత్సము తెగి తనంతట తాను నిలుచున్నది. విరోధపరిహారము అచ్చట సడలినది. ప్రేక్షకుడు ఇనుపచట్రమును చూచును, మనుష్యుని మఱచును. చివరి భాగమందలి ఈ గందరగోళము లేనిచో చిత్రము ఇప్పటికంటె ఎంతయో ఎత్తున నుండెడిది.

మాలికలోని పూర్వనియమములను ఇది పాటింపలేదను ఆక్షేపణకు మేము అంత విలువ నీయము. మొదటి చిత్రమున శవములు లేచుటకు వాయువే కారణము. ఇందు కాటు వలనను వ్యాధి సోకును. ఇట్టివి లెక్కవ్రాయు అభిమానులకు ప్రియములు. అసలు దానిని పాటించెనా లేదా యనునదే మా ప్రశ్న. సైన్యము పాత్ర విషయమున చక్కగా పాటించెను. మొదటి చిత్రమున సైన్యము తన పీపాలను మఱచి, గుర్తువచ్చినప్పుడు నగరమును కాల్చివేసెను. మూడవ భాగమున అదే సైన్యము శవములను ఆయుధములుగా వాడజూచును. జూలీని సైనికులు పట్టుకొన్న పిదప, చచ్చినవారు లేచుట వారికి భయము కాదు, ప్రయోజనము. కర్ట్ ఆమెను తనకై లేపెను. సైన్యము తనకై వాడుకొనును. ఆమె తనకై చేసినపని తన దేహమును గ్రుచ్చుకొనుట ఒక్కటే. కర్ట్ తాను చేసినదేమో అప్పుడు తెలిసికొనును. అతని తండ్రి చేయుచున్న పనికిని, అతడు చేసిన పనికిని పోలిక యున్నదని చిత్రము నోటితో చెప్పక, ఇద్దఱును ఒకే శాలలో, ఒకే పీపాతో పని చేసినట్లు చూపి యూరకుండెను.

ముగింపున కర్ట్‌కు కాటు తగులును. ఇక తానును అట్లే యగునని తెలిసి, అతడు జూలీతో కొలిమిలో ప్రవేశించును. ఇరువురును కౌగిలించుకొని దహింపబడుదురు. దీనిని సహగమనమని యనుటకు మన నాలుక త్వరపడును. అది పొరపాటు. సహగమనమున బ్రదికినది చచ్చినవాని వెంట పోవును. ఇచ్చట వెంట పోవువాడు పురుషుడు, అతడును బ్రదుకువాడు కాడు. దీనికి సరియైన మూలము వేఱొకచోట లేదు. మొదటి చిత్రమున ఉంగరము తీసి కొలిమిలోనికి నడచిన ఫ్రాంకే దీనికి మూలము. మూడు బీజములలో కడపటిదియు ఇట్లు ఫలించినది. ఫ్రాంక్ ఒంటరిగా పోయెను. అతని ఉంగరము బయట నిలిచినది. వీరు కలిసి పోయిరి.

1985లోనే రొమేరో 'డే ఆఫ్ ది డెడ్' చిత్రమున బబ్ అను శవమునకు పూర్వస్మృతి కొంత కల్పించి, తుపాకి పట్టించి, దుఃఖపెట్టెను. శవమునకు అంతరంగ మున్నదను ఊహ రెండు శాఖలలోను ఒకే యేడు తోచినదన్నమాట. కాని బబ్ పాళెము నడుమ ఒక వింత. అతనిని పెంచిన వైద్యుడే చిత్రమున ఎక్కువ మాటాడును. జూలీ తన కథకు తానే నాయిక. ఆ యూహను కథయంతయు మోయగల బరువుగా మార్చిన యశస్సు, అంతగా పేరు లేని ఈ మూడవ భాగమునదే.

మాలిక బ్రదికినదను మాటను ఏ యర్థమున వాడితిమో చెప్పవలసియున్నది. వ్యాపారదృష్టిచే ఇది విజయము కాదు. కొలది థియేటర్లలో ఆడి, వీడియో టేపుల ద్వారా ప్రేక్షకులను సంపాదించుకొన్నది. తరువాత పండ్రెండేండ్లు ఆ పేరుతో ఏ చిత్రమును రాలేదు. 2005లో ఎల్లరీ ఎల్కాయెం దర్శకత్వమున 'నెక్రోపోలిస్', 'రేవ్ టు ది గ్రేవ్' అను నాలుగవ, ఐదవ భాగములు వచ్చి టెలివిజనులో ప్రసారమైనవి. అవి యూజ్నా తెఱచిన త్రోవను తొంగియైన చూడక, పీపాయు, యువకుల గుంపును, పరుగును అను తొంటి సామగ్రికే తిరిగిపోయినవి. ఐదవ భాగమున విద్యార్థులు ట్రయాక్సిన్‌ను మత్తుమందుగా మార్చి నాట్యోత్సవమున అమ్ముదురు. మొదటి చిత్రమున బల్లకు కట్టబడిన శవము చచ్చియుండుట నొప్పి యని చెప్పెను. ఇరువదేండ్లకు ఆ నొప్పికి కారణమైన ద్రవ్యమే విలాసముగా అమ్ముడుపోయినది. ఆ రెండు చిత్రములలో ఎవరును ఏ శవమును ఏమి బాధ యని అడుగలేదు.